ఫోటోలు చాలు, లిస్టు చూపించండి!



ఒకప్పుడు సర్కారు మాట ఊరికి తెలియాలంటే మనోడు పలక కొట్టాల. శిస్తు కట్టమన్నా, వేలంపాట అన్నా వీధివీధీ తిరిగి చాటింది మాదిగ పలకే. గొంతు మనది, మాట దొరలది. ఇప్పుడు పలక పోయి సెల్‌ఫోను వచ్చింది. మాట ఎవరిదైంది?

సర్కారు ఆఫీసుల ఫేస్‌బుక్కు, వాట్సాప్ గ్రూపులు తెరిచి చూడండి. అంబేడ్కర్ విగ్రహానికి దండ వేస్తూ ఆఫీసరు. మొక్క నాటుతూ ఆఫీసరు. ముసలమ్మ చేతిలో పింఛను పెట్టి, ఆమెను చూడకుండా కెమెరాను చూస్తూ నాయకుడు. హక్కుగా వచ్చేదాన్ని దానం చేసినట్టు లోకానికి చూపించేది ఏం న్యాయం?

2024 సంక్రాంతికి ప్రధాని మోదీ తన ఇంట్లో పుంగనూరు ఆవులకు మేత పెట్టిన ఫోటోలు దేశమంతా తిరిగినాయి. మంచిదే, మన ఆవు పేరు ఢిల్లీకి ఎక్కింది. మరి డీకేటీ పట్టా చేతిలో ఉండి, భూమి చేతికి రాని మాలమాదిగల సంగతి ఏ సర్కారు పేజీకి ఎక్కింది?

కుప్పం చూడండి. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ, రాష్ట్ర సర్కారు కలిసి 'ఐ-కమ్యూనిటీ' పేరుతో అక్కడ కంప్యూటర్ కేంద్రాలు పెట్టినాయి. కొన్నేళ్ళకు కంపెనీ వెళ్ళిపోయింది. 2025 జనవరి 30న 'మన మిత్ర' వచ్చింది, వాట్సాప్‌లోనే 161 సేవలన్నారు. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పితే సంతోషమే. ఫోను మనకు శత్రువు కాదు. అయితే అడిగినోడికి వాడి కాగితం ఇచ్చేది వేరు, ఎవరికి ఏమిచ్చినారో ఊరందరి ముందర చెప్పేది వేరు.

ఆ రెండోది లేకపోతే ఏమవుతుందో మదనపల్లెలో చూసినాం. 2024 జూలై 21 రాత్రి సబ్ కలెక్టర్ ఆఫీసులో మంటలు లేచి భూముల ఫైళ్ళు కాలిపోయినాయి. ఎవరి తప్పో తేల్చేది పోలీసులు, కోర్టులు. మన ప్రశ్న ఒకటే. పట్టాల లిస్టు ముందే పల్లె గోడ మీద, పల్లె ఫోనుల్లో ఉండుంటే మనకు ఈ గుబులు ఉండేదా? నిప్పు బీరువాను కాలుస్తుంది. వెయ్యి మందికి తెలిసిన నిజాన్ని కాల్చలేదు.

ఇది మనం కొత్తగా కోరే వరం కాదు. 2005 సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ఏం చెప్తాది? సబ్సిడీ పథకాల్లో ఎంత సొమ్ము, ఎవరెవరికి అనేది ఎవరూ అడక్కముందే ఆఫీసే ప్రకటించాల. స్థానిక భాషను పట్టించుకోవాల. నోటీసు బోర్డు, పత్రిక, చాటింపు, ఇంటర్నెట్ అన్నీ ఆ చట్టంలోనే ఉన్నాయి. చాటింపు కూడా, అన్నా! మన పలకకు చట్టంలో చోటుంది.

కాబట్టి ప్రతి పల్లె నుంచి పదిమంది పోయి అడగండి. డీకేటీ పట్టాల లిస్టు, ఎస్సీ కార్పొరేషన్ లోన్ల లిస్టు, ఇళ్ళ స్థలాల లిస్టు తెలుగులో, మనకు అర్థమయ్యేటట్టు పెట్టమనండి. ఫోనులో పెట్టండి, ఫోను లేనోళ్ళకు గోడ మీద రాయండి, చదువు రానోళ్ళకు పలక కొట్టి చెప్పండి అనండి. నోటితో అడిగి ఊరుకోవద్దు. అర్జీ రాసి రసీదు తీసుకోండి. రాయడం రాకపోతే మీ ఊరి బడికి రండి, మాలాంటోళ్ళం రాసిస్తాం.

ఈసారి పలక మనది, మాట కూడా మనదే!

జై భీమ్!