నోరు జారిన సీసా

మామిడిపండుకు ఒక కాలం ఉంది, తాటిముంజెలకు ఒక కాలం ఉంది. బీరుకు మాత్రం అన్ని కాలాలూ తనవే. జర్మనీలోని మ్యూనిక్ నగరంలో జరిగే అక్టోబర్ ఫెస్ట్ సెప్టెంబరులోనే మొదలవుతుంది. ఆ పండుగతో ముడిపడిన పాతరకం బీరు పేరు ‘మెర్జెన్’, అంటే మార్చి బీరు. బవేరియాలో 1553 నాటి శాసనం ప్రకారం ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబరు 29 వరకు బీరు కాచకూడదు, వేడికి పాడవుతుందని. అందుకే మార్చిలోనే గట్టిగా కాచి చల్లటి నేలమాళిగల్లో దాచుకునేవారు. పేరు మార్చి, పండుగ అక్టోబరు, తాగేది సెప్టెంబరు! ఏ నెలైనా సాకు మాత్రం సిద్ధంగా ఉంటుంది.

భక్తికీ ఇందులో భాగం దొరికింది. అదే మ్యూనిక్‌లో పౌలానర్ మఠ సన్యాసులు లెంట్ ఉపవాస దినాల్లో భోజనం తగ్గించి చిక్కటి బీరుతో సరిపెట్టుకునేవారని చెబుతారు. ఆ బీరు నేటికీ ‘సాల్వేటర్’ పేరుతో అమ్ముడవుతోంది. లాటిన్‌లో ఆ మాటకు రక్షకుడు అని అర్థం. స్విట్జర్లాండ్‌లో పుట్టిన ‘సామిక్లౌస్’ అనే మరో బీరును ఏడాదికి ఒక్కసారే, డిసెంబరు 6న సెయింట్ నికోలస్ దినాన కాస్తారు. మద్యం 14 శాతం. పేరుకు అర్థం మన క్రిస్మస్ తాతే. పాపం, బహుమతుల మూట మోసే ముసలాయనకు సీసాల బరువు కూడా తగిలించారు.

2005లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం ‘సీరియస్లీ బ్యాడ్ ఎల్ఫ్’ అనే క్రిస్మస్ బీరుకు అడ్డు చెప్పింది. దాని లేబుల్ మీద ఒక అల్లరి మరుగుజ్జు క్రిస్మస్ తాత బండికి ఉండేలు గురిపెట్టి ఉంటాడు. పిల్లలను ఆకట్టుకునే బొమ్మలు మద్యం ప్రకటనల్లో ఉండకూడదన్నది అక్కడి నిబంధన. ఆ బొమ్మ చూసి సీసా దగ్గరికి ముందు పరుగెత్తేది తాతలా, మనవలా?

ఇంతవరకు నవ్వుకోవచ్చు. 2015లో అమెరికాలో బడ్ లైట్ సీసా మీద అచ్చయిన మాటకు మాత్రం నవ్వు రాదు. ఆ రాత్రికి మీ మాటల్లోంచి ‘నో’ అనే పదాన్ని తొలగించడానికి ఇదే తగిన బీరు అని ఆ లేబుల్ గొప్పలు చెప్పుకుంది. స్త్రీ ‘వద్దు’ అన్నా లెక్కచేయనివారికి ఇది ఊతమిస్తుందని జనం మండిపడ్డారు. కంపెనీ విచారం తెలిపి, ఆ వాక్యాన్ని ముద్రించడం ఆపేసింది.

మా లెక్కలో బీరు ప్రకటనలన్నిటిలోకీ నిజాయితీ గలది అదే. మిగతావన్నీ స్నేహం, ఉత్సాహం, చల్లదనం అమ్ముతామంటాయి. ఇది ఒక్కటే నోరు జారి, లోపల ఉన్న సరుకేమిటో చెప్పేసింది. మనిషిని నిలబెట్టే చిన్న మాటను ఆ సీసా ముందుగా తీసేసుకుంటుంది. తరువాత జరిగేది ఏ లేబుల్ మీదా రాయరు. మన వీధుల్లో ఎందరో తల్లులకు, భార్యలకు అది రాయకుండానే తెలుసు.

మన దేశంలో టీవీలో మద్యం ప్రకటనలు నిషేధం. అందుకే అదే పేరుతో సోడా, మంచినీళ్లు తెర మీద చిందులేస్తాయి. ఇలాంటి ముసుగు ప్రకటనలు కూడదని 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. అయినా ఆ పేరు వినగానే ఎందరికి సోడా గుర్తొస్తుందో దుకాణం వాడినే అడగాలి. 2025 జనవరిలో బకాయిలు, ధరల తగాదాతో యునైటెడ్ బ్రూవరీస్ తెలంగాణకు కొద్దిరోజులు సరఫరా ఆపింది. పైసా ప్రకటన లేకుండానే బీరు వార్త ఇంటింటికీ చేరింది.

అవునన్నా కాదన్నా సూటిగా పలకడం ప్రభువు మనకు నేర్పిన పాఠం. సండే స్కూలులో పిల్లలకు పాటలు నేర్పుతున్నాం, వాక్యాలు కంఠస్థం చేయిస్తున్నాం. మంచిదే. స్నేహితుడి పెళ్లి ఊరేగింపులో ఎవరో సీసా చేతికిచ్చి “ఒక్కటే కదరా” అన్నప్పుడు, ముఖం చిన్నబుచ్చుకోకుండా, స్నేహం పోగొట్టుకోకుండా “నాకొద్దురా” అనడం ఎలాగో నేర్పుతున్నామా? తాగేవాళ్లను వేదిక మీంచి తిట్టడం సులువు. ఆ తిట్లు వినవలసిన కుర్రాడు ఆ ఆదివారం గుడికి రాడు. డిసెంబరు 31 రాత్రి వాచ్ నైట్ ఆరాధనలో ఎవరి కుర్చీ ఖాళీగా ఉందో పెద్దలందరికీ తెలుసు. ఈసారి వాడి గురించి మాట్లాడుకోవడం మాని, వారం ముందే వాడి ఇంటికి వెళ్లి వాడితో మాట్లాడదాం.