అతిథే పరీక్ష పేపరు!

హైదరాబాద్‌లో ఈమధ్య ఓ ముచ్చటైన చిన్న హోటల్‌కి వెళ్లాం. నల్లకోటు, ఛాతీమీద 'ట్రైనీ' బిల్ల... టీ పోస్తున్న కుర్రాడి చెయ్యి వణికి నాలుగు చుక్కలు బల్లగుడ్డ మీద పడ్డాయి. పాపం, ముఖం పాలిపోయింది.

'ఏ ఊరు బాబూ?' అన్నాను మాట మారుస్తూ.

'మోమిన్‌పేట్ సార్, వికారాబాద్ దిక్కు. కప్పులు కడగనీకి డిగ్రీ ఎందుకురా అన్నడు మా నాయిన.'

ఆ మాట చాలా ఇళ్లలో వినిపించేదే. కానీ స్విట్జర్లాండ్‌లోని లాసాన్‌లో 1893లోనే హోటల్ బడి వెలిసింది. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయానికి ఏకంగా స్టాట్లర్ అనే హోటలే ఉంది. విద్యార్థులు అక్కడ పనిచేస్తూ నేర్చుకుంటారు. మనకూ విద్యానగర్‌లో ఐహెచ్ఎం, 2004లో మొదలైన గచ్చిబౌలి నిథమ్ ఉన్నాయి.

వంట, వడ్డన, గదుల నిర్వహణ, రిసెప్షన్... ఈ చదువులో నాలుగూ నేర్వాలి. శిక్షణకోసం కొన్ని నెలలు హోటళ్లలో పనిచేయాలి. ముడత లేకుండా దుప్పటి పరవడమూ పాఠమే. అన్నీ తరగతిలో చెబుతారు. విసుక్కునే అతిథి ముందు నవ్వు చెదరకుండా నిలబడటం మాత్రం అతిథి దగ్గరే నేర్చుకోవాలి. అందుకే ట్రైనీ బిల్ల కనిపిస్తే కాస్త ఓపిక పట్టండి. తప్పుంటే చెప్పండి... నెమ్మదిగా.

రెండో కప్పు పోశాడు. ఈసారి చుక్క పడలేదు.

'మీ నాన్నను ఓసారి ఇక్కడికి తీసుకురావోయ్' అన్నాను.

'తెస్త సార్. ఆయనకు టీ నేనే పోస్త!'