ఒంటరి గదికి రోజుల లెక్క ఉండాలి

2018లో మిర్యాలగూడలో పట్టపగలు జరిగిన ప్రణయ్ హత్య కేసులో నల్గొండ కోర్టు 2025 మార్చి 10న తీర్పు చెప్పింది. ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి జీవిత ఖైదు. ఆ వారమంతా సూర్యాపేట, కోదాడ నుంచి వచ్చే మనవాళ్ల నోట ఒకటే మాట: "వాణ్ని చీకటి గదిలో ఒక్కణ్నే పడేసి తాళం వెయ్యాలి." ఆ కోపం నాకూ ఉంది. కానీ చట్టం దానికి ఒప్పుకోదు. ఒప్పుకోకూడదు కూడా.

భారతీయ న్యాయ సంహితలో 11, 12 సెక్షన్లు చూడండి. పాత ఐపీసీ 73, 74 ఇవే. కఠిన కారాగార శిక్షతో పాటు కోర్టు ఏకాంత నిర్బంధం వెయ్యొచ్చు. అయితే మొత్తం మూడు నెలలు మించకూడదు, ఒక విడతకు 14 రోజులు దాటకూడదు. ఉరిశిక్ష పడ్డవాళ్ల సంగతి 1978లోనే సునీల్ బాత్రా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అప్పీళ్లు, క్షమాభిక్ష అన్నీ ముగిసేదాకా ఉరిశిక్ష పేరు చెప్పి వేరు గదిలో పెట్టకూడదంది.

మరి చిక్కెక్కడ? పేరు దగ్గర. జైలువాళ్లు 'భద్రత కోసం వేరుగా ఉంచాం' అంటే రోజుల లెక్క అడిగేవాళ్లుండరు. అమలాపురానికి చెందిన ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబాకు కోర్టు వేసింది జీవిత ఖైదు, ఏకాంత నిర్బంధం కాదు. అయినా 90 శాతం వైకల్యంతో, వీల్‌చైర్‌లో, నాగ్‌పూర్ జైలు అండా సెల్‌లో ఏళ్లు గడిపారు. 2024 మార్చి 5న హైకోర్టు నిర్దోషి అంది. అక్టోబర్ 12న హైదరాబాద్ నిమ్స్‌లో కన్నుమూశారు.

ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన మండేలా నియమాలు పేరును పట్టించుకోవు, గంటలు లెక్కపెడతాయి. రోజుకు 22 గంటలు, ఆపైన, మనిషి పలకరింపు లేకుండా ఉంచితే అది ఏకాంత నిర్బంధమే. వరుసగా 15 రోజులు దాటితే నిషేధం. మన జైలు చట్టంలోకి ఈ నిర్వచనం రావాలి.

తోటి ఖైదీల మీద పడేవాణ్ని ఏం చెయ్యాలంటారా? వేరుగా పెట్టాల్సిందే. కాకపోతే ఎందుకు, ఎన్ని రోజులు అన్నది రాసి పెట్టాలి, దాన్ని ఒక జడ్జి చూడాలి.

మిర్యాలగూడ కేసు ఖైదీని ఒంటరిగా ఉంచారని నేననడం లేదు. అలా ఉంచాలని మనం కోరుకుంటున్నాం, నా అభ్యంతరం దానికే. ప్రణయ్‌కి న్యాయం అంటే నేరం రుజువై శిక్ష పడటం. ఖైదీకి మతి చెడితే ఆ న్యాయానికి కలిసొచ్చేదేం లేదు. సాయిబాబాకు ఉండాల్సిందని మనం అనుకునే రక్షణ, మనకు అసహ్యమైన ఖైదీకీ ఉండాలి. ఈ ఇద్దరిలో ఎవరికి ఇవ్వాలో జైలరు ఇష్టానికి వదిలేస్తే, రేపు అది మనలో ఎవరికీ దొరకదు.