పల్నాటి ఎండకు తరిగే బ్యాటరీ: తూకం వేసేదెవరు?

పెదకూరపాడు: పత్తికీ, మిరపకూ మందు కొట్టే బ్యాటరీ పంపు ఈ ప్రాంతంలో రైతులందరూ ఎరిగినదే. సీజను అయిపోగానే దాన్ని అటకెక్కించి, మరుసటి ఏడు వానలు పడ్డాక దించి ఛార్జింగు పెడితే ఏమవుతుందో వారికి ఒకరు చెప్పనక్కర లేదు. ఛార్జరు మీద పచ్చ దీపం వెలుగుతుంది. బ్యాటరీ నిండిందనే అనుకుంటాం. నాలుగు ట్యాంకులు కొట్టేసరికి మోటారు నీరసిస్తుంది. పంపు చిన్న వస్తువు గనుక కొత్త బ్యాటరీ వేయించుకుని సరిపెట్టుకుంటారు.

అదే నష్టం ఇప్పుడు లక్షల రూపాయల వాహనాలలోకి వచ్చింది. ఎలక్ట్రిక్ స్కూటర్లు, బ్యాటరీ ఆటోలు పల్లెలకు చేరాయి. పెట్రోలు ఇంజనుతోబాటు బ్యాటరీ కూడా వుండే హైబ్రిడ్ కార్లు 2022 తర్వాత మన రోడ్ల మీద కూడా కనబడుతున్నాయి. ఇలాంటి బండ్లలో అన్నిటికంటే ఖరీదైన భాగం బ్యాటరీయే. అప్పు చేసి బండి కొన్న కుటుంబానికి వాయిదాలు తీరకముందే బ్యాటరీ చేతులెత్తేస్తే ఆ దెబ్బ సామాన్యమైనది కాదు. అయినప్పటికీ బ్యాటరీ ఎంత తరిగిందో కొలిచి చూపించే ఏర్పాటు గ్రామాలలో లేదు. అసలు సమస్య ఇక్కడే వుంది.

పత్తి కాటా దగ్గర ఒక్క కిలో తేడా వస్తే రైతు నిలదీస్తాడు. పాల కేంద్రంలో వెన్న శాతం ఒక పాయింటు తగ్గితే అడుగుతాడు. బ్యాటరీలో మూడో వంతు మాయమైనా అడగలేకపోవడానికి కారణం ఒక్కటే: తూకం లేదు.

నిండిన గ్లాసు మాయ

బండి మీద కనబడే "100 శాతం" అనే అంకెను చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటున్నారు. అది బ్యాటరీలో ఇవాళ పట్టే కరెంటులో నూరు శాతమే గాని, కొన్ననాడు పట్టిన దానిలో కాదు. పెద్ద గ్లాసు తీసేసి చిన్న గ్లాసు పెట్టి నిండా పోసినా అది నిండు గ్లాసే. కొత్తలో నిండు ఛార్జింగుకు 100 కిలోమీటర్లు నడిచిన స్కూటరు, బ్యాటరీ 70 శాతానికి తరిగాక సుమారు 70 కిలోమీటర్లే నడుస్తుంది. మీటరు మాత్రం ఉదయం పూట 100 అనే చూపిస్తుంది. గుంటూరు పోయి తిరిగి రాగలిగిన బండి ఒకనాడు సగం దారిలో మొరాయించేదాకా యజమానికి సంగతి తెలియదు.

లిథియం బ్యాటరీలో తరుగు ఎందుకు వస్తుందంటే, ఛార్జింగు పెట్టినపుడు లిథియం కణాలు ఒక వైపు నుంచి మరొక వైపుకు పోతాయి. వాడినపుడు వెనక్కు వస్తాయి. ఈ రాకపోకలలో కొంత లిథియం లోపలి పలకల మీద సన్నని పొరలా పేరుకుని, తిరిగి పనికి రాకుండా పోతుంది. ఆ మేరకు బ్యాటరీ కుంచించుకుపోతుంది. సాధారణంగా మొదటి ఏడాది తరుగు కాస్త వేగంగా వుండి, తర్వాత నెమ్మదిస్తుంది. బాగా ముదిరాక మళ్ళీ ఒక్కసారిగా పడిపోవడం కూడా వుంది. వాడకపోయినా ఈ తరుగు పూర్తిగా ఆగదు.

ఎండే మొదటి శత్రువు

పొర పేరుకునే వేగాన్ని పెంచేది వేడి. వేడి పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్య వేగం దాదాపు రెట్టింపవుతుందని శాస్త్రంలో ఒక మోటు లెక్క వుంది. బ్యాటరీకి 25 డిగ్రీల ప్రాంతం హాయి. మన పల్నాటి వేసవి సంగతి తెలిసిందే. ఎండలకు రాష్ట్రంలోనే పేరుపడిన రెంటచింతల మన జిల్లాలోనే వుంది. అక్కడ 45 డిగ్రీలు దాటడం కొత్త వార్త కాదు. నడి ఎండలో నిలిపిన బండి లోపల వేడి అంతకంటే ఎక్కువే. అందువల్ల చల్లని దేశాలలో రాసిన లెక్కలను నమ్మి, బ్యాటరీ ఇన్నేళ్ళు వస్తుందని ఇక్కడ ధీమాగా కూర్చోవడానికి వీలు లేదు.

దీనికి అమెరికాలో జరిగిన ఒక ఉదంతం చాలు. నిస్సాన్ కంపెనీ 'లీఫ్' అనే ఎలక్ట్రిక్ కారును 2010 చివరలో విడుదల చేసింది. అందులో బ్యాటరీని చల్లబరిచే నీటి ఏర్పాటు లేదు. అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ నగరం ఎడారి ప్రాంతం, అక్కడి వేసవి మన వేసవిని మించినది. 2012 నాటికే అక్కడి యజమానులు తమ కార్లు కొత్తలో పోయినంత దూరం పోవడం లేదని గమనించారు. వారు నోటిమాటతో సరిపెట్టలేదు. కొందరు కలిసి తమ కార్లను ఒకే దారిన నడిపి, ఎవరి కారు ఎంత దూరం పోయిందో కొలత తీశారు. కోర్టుకు కూడా వెళ్ళారు. 2013లో కంపెనీ దిగివచ్చింది. 5 సంవత్సరాలు లేదా 60 వేల మైళ్ళలోగా బ్యాటరీ గీతలు 12లో 9 కంటే తక్కువకు పడిపోతే బాగుచేసి ఇస్తామని వారంటీ రాసి ఇచ్చింది. బ్యాటరీ చెడిపోవడమే కాదు, తరిగిపోవడం కూడా లోపమే అని అంగీకరింపజేసింది ఆ కొలతలూ, ఆ పట్టుదలే.

హైబ్రిడ్ కార్లలో కనబడని నష్టం

హైబ్రిడ్ కార్లు రెండు రకాలు. ప్లగ్ పెట్టకుండా నడకలోనే తనంతట తాను ఛార్జి చేసుకునేది మొదటి రకం. ఇన్నోవా హైక్రాస్, గ్రాండ్ విటారా, హోండా సిటీలలో వచ్చిన హైబ్రిడ్లు ఈ కోవలోవి. వీటిలో బ్యాటరీ చిన్నది. అది పూర్తిగా నిండకుండా, పూర్తిగా ఖాళీ కాకుండా కంప్యూటరే చూసుకుంటుంది. అందువల్ల బ్యాటరీ చాలా కాలం మన్నుతుంది.

ఇంటి కరెంటుతో ఛార్జి చేసుకుని కొంత దూరం పెట్రోలు లేకుండా పోయేది రెండో రకం. చైనాలో బివైడి కంపెనీ 2008లో, అమెరికాలో షెవ్రొలే 'వోల్ట్' పేరుతో 2010లో ఇలాంటివి అమ్మకానికి తెచ్చాయి. మన దేశంలో ఇవి ఇప్పటిదాకా ప్రధానంగా ఖరీదైన విదేశీ కార్లలోనే వచ్చాయి. ముందుముందు ధరలు దిగితే, సెకండ్ హ్యాండులో పల్లెలకూ వస్తాయి.

ఈ రకంలో రెండు చిక్కులున్నాయి. బ్యాటరీ చిన్నది కావడంతో రోజూ మొత్తం వాడేయడం జరుగుతుంది. ఒక ఛార్జింగుకు 50 కిలోమీటర్లు పోయే కారును రోజూ 50 కిలోమీటర్లు నడిపితే ఏడాదికి 365 సార్లు నింపి ఖాళీ చేసినట్టు. ఒక ఛార్జింగుకు 300 కిలోమీటర్లు పోయే పూర్తి ఎలక్ట్రిక్ కారుకు అదే ప్రయాణం ఏడాదికి సుమారు 60 సార్లతో తీరిపోతుంది. రెండో చిక్కు మరీ మోసకరమైనది. బ్యాటరీ తరిగినా కారు ఆగదు, పెట్రోలు ఇంజను అందుకుంటుంది. ఖర్చు పెరుగుతుందే గాని జబ్బు బయటపడదు.

తయారీదారులు తలచుకుంటే దీనికి ఉపాయం లేకపోలేదు. మొదటి వోల్ట్ కారులో 16 యూనిట్ల బ్యాటరీ పెట్టి, సుమారు 10 యూనిట్లు మాత్రమే వాడనిచ్చారు. పైన కొంత, అడుగున కొంత వదిలేశారు. బ్యాటరీని చల్లబరచడానికి ద్రవ ప్రసరణ కూడా పెట్టారు. ఎద్దును రోజూ పూర్తి సత్తువ మేరకు దున్నించకుండా వుంచడం లాంటిదే ఇది.

పాత అలవాటు, కొత్త బ్యాటరీ

మనకు బ్యాటరీ అంటే ట్రాక్టరుదీ, ఇన్వర్టరుదీ తెలుసు. అవి సీసపు బ్యాటరీలు. వాటిని ఎప్పుడూ నిండుగా వుంచాలి, డిస్టిల్డు వాటరు చూసుకోవాలి. ఖాళీగా వదిలేస్తే లోపల పలకలు గట్టిపడి పాడైపోతాయి. మందు పంపులో సీసపు బ్యాటరీ చావడానికి కారణం ఇదే. ఈ అలవాటునే లిథియం బ్యాటరీకి పట్టిస్తే బెడిసికొడుతుంది. లిథియం బ్యాటరీ నిండుగా వుండి, వేడిలో వుంటే త్వరగా తరుగుతుంది. రాత్రంతా ఛార్జింగులో వుంచి, నిండాక మధ్యాహ్నం దాకా ఎండలో నిలబెట్టడం దానికి చేయగల పెద్ద హాని. పూర్తిగా ఖాళీ చేసి నెలల తరబడి వదిలేయడం కూడా మంచిది కాదు.

రోజువారీ వాడకానికి 20 నుంచి 80 శాతం మధ్య వుంచుకుంటే చాలు. దూర ప్రయాణం వున్నపుడు నింపుకుని, నిండగానే బయలుదేరడం మేలు. ఎండన పడి వచ్చిన బండికి వెంటనే ప్లగ్ పెట్టకుండా ఒక గంట నీడన ఆరనివ్వాలి. వేసవిలో తెల్లవారుజామున ఛార్జి చేసుకోవడం శ్రేయస్కరం. రేకుల షెడ్డు నీడే గాని చల్లన కాదు. వేపచెట్టు కింద గాని, తాటాకు పందిరి కింద గాని నిలపడం నయం. నెలల తరబడి వాడని బండిని సగం ఛార్జితో వుంచాలి. ఫాస్ట్ ఛార్జింగు అవసరానికే గాని రోజూ కాదు. 'ఐరన్ ఫాస్ఫేట్' రకం బ్యాటరీ అయితే వేడిని కొంత మెరుగ్గా తట్టుకుంటుంది. మీటరు లెక్క తప్పకుండా అప్పుడప్పుడు దాన్ని పూర్తిగా నింపమని కొన్ని కంపెనీలే చెబుతాయి. బండితో ఇచ్చిన పుస్తకంలో ఏమని వుందో అదే పాటించాలి.

జాగ్రత్త అనేది డబ్బుకు సంబంధించినది మాత్రమే కాదు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో పడకగదిలో ఛార్జింగులో వున్న స్కూటరు బ్యాటరీ పేలి ఒకరు మరణించారు. అదే నెలలో నిజామాబాద్‌లోనూ అలాగే ఒక వృద్ధుడు చనిపోయాడు. ఆ తర్వాతనే కేంద్రం బ్యాటరీ భద్రతా ప్రమాణాలను బిగించి, 2022 డిసెంబరు నుంచి ఒక విడత, 2023 మార్చి ఆఖరు నుంచి మరొక విడత అమలులోకి తెచ్చింది. సెకండ్ హ్యాండు బండి కొనేవారు అది ఆ గడువుకు ముందుదా, తర్వాతదా అని చూసుకోవాలి. నిద్రపోయే గదిలో ఛార్జింగు ఎప్పుడూ పనికిరాదు. ఎర్తు లేని ప్లగ్గూ, సన్నని ఎక్స్‌టెన్షను వైరూ వద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో వేలాది వాహనాలు నీట మునిగాయి. చవకగా వస్తున్నదని నీట మునిగిన బండి కొనడం ప్రమాదంతో బేరమాడడమే.

కాగితంలో ఏముంది?

కార్లకు బ్యాటరీ మీద 8 ఏళ్ళు లేదా లక్షా 60 వేల కిలోమీటర్ల వారంటీ సాధారణమైపోయింది. ఈ మాట విని సంతోషపడితే చాలదు. చాలా వారంటీలలో బ్యాటరీ 70 శాతానికి దిగితే గాని మార్చరు. కొన్నిటిలో తరుగు మాటే వుండదు, పూర్తిగా చెడిపోతేనే ఇస్తారు. కొనే ముందు మూడు ప్రశ్నలు అడిగి రాతపూర్వకంగా తీసుకోవాలి: ఎంత శాతానికి తరిగితే మారుస్తారు, ఎవరు కొలుస్తారు, బండి అమ్మేస్తే వారంటీ రెండో యజమానికి వస్తుందా?

కొలత మన చేతిలోనూ వుంది. బండి కొన్న మొదటి నెలలో, 20 శాతం నుంచి 100 శాతం దాకా నింపడానికి ఎన్ని యూనిట్లు పట్టిందో సబ్ మీటరు పెట్టి రాసుకోవాలి. ఇంట్లో మిగతావన్నీ ఆపి ఇంటి మీటరు చూసుకున్నా సరిపోతుంది. అదే దారిన, అంతే బరువుతో ఎంత దూరం పోయిందీ రాసుకోవాలి. ఆరు నెలలకొకసారి ఇలాగే చేయాలి. మొదట 2.7 యూనిట్లు పట్టినది రెండేళ్ళకు 2.1 పట్టిందంటే దాదాపు అయిదో వంతు తరిగిందని రమారమి లెక్క తేలుతుంది. ఫీనిక్స్ వాసులు చేసింది కూడా ఇలాంటి పనే.

రాత వుంటే దారి వుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేయవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద, కొనుగోలుదారు తన నివాసం వున్న చోటి జిల్లా కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చు. కొన్న ధర 5 లక్షల రూపాయల లోపు అయితే రుసుము కూడా లేదు. నష్టం జరిగిన రెండేళ్ళలోగా వేయాలి.

అధికారులు చేయవలసినదీ వుంది. బ్యాటరీ ఎంత మిగిలిందో పరీక్షించి సర్టిఫికెట్టు ఇచ్చే కేంద్రం కనీసం నియోజకవర్గానికి ఒకటి వుండాలి. పాత బండి అమ్మకంలో ఆ కాగితం తప్పనిసరి చేయాలి. ఐటిఐలలో ఈ మరమ్మతు నేర్పితే మన పిల్లలకు పని దొరుకుతుంది. పాత బ్యాటరీలను తిరిగి తీసుకోవలసిన బాధ్యత తయారీదారులదేనని 2022 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ఆ సేకరణ పట్టణాలతో ఆగిపోకుండా మండల కేంద్రాలకు రావాలి. తిరుపతిలో పుట్టిన అమరరాజా కంపెనీ 2023లో మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం బ్యాటరీల కర్మాగారానికి శంకుస్థాపన చేసింది. బ్యాటరీ తయారుచేయగల తెలుగు నేలకు దాన్ని తూచే కాటా పెట్టడం భారం కాకూడదు.

పెట్రోలు బంకులో లీటరు కొలతను తూనికలు కొలతల శాఖ తనిఖీ చేస్తుంది. బ్యాటరీకి కూడా అలాంటి కాటా వచ్చేదాకా రైతు చేతిలోని నోటు పుస్తకమే కాటా. ఆ పుస్తకంలో మొదటి అంకె రాయవలసింది బండి ఇంటికి వచ్చిన వారంలోనే. తరుగు కనబడ్డాక మొదలుపెడితే ఎంత పోయిందో చెప్పడానికి ఆధారం వుండదు.