ఒకే యూనిట్, నాలుగు ధరలు



ఎలక్ట్రిక్ ఆటో కొంటే కిలోమీటరుకు ఖర్చు పైసల్లోనే అని షోరూముల్లో చెబుతున్నారు. అబద్ధం కాదు గానీ, సగమే చెబుతున్నారు. ఆ కరెంటు ఎవరి మీటరు నుంచి, ఎవరి గేటు లోపలి నుంచి వస్తుందో చెప్పరు. ఈసారి ఆ మిగతా సగం లెక్క వేద్దాం.

ఈ-ఆటో బ్యాటరీ నిండాలంటే ఏడెనిమిది యూనిట్లు కావాలి. రోజుకు 8 యూనిట్లు, నెలకు 26 రోజులు అనుకుంటే 208 యూనిట్లు. ఐదేళ్లకు 12,480 యూనిట్లు. బండి అదే, రోడ్డు అదే, యూనిట్లు అవే. ఇప్పుడు మనుషుల్ని మార్చి చూడండి.

సొంత ఇల్లు, దాని మీద సొంత స్లాబ్ ఉన్నవాడు సోలార్ పెట్టుకుంటాడు. 2024లో వచ్చిన పీఎం సూర్య ఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఉంది. పెట్టుబడి తిరిగొచ్చాక ఆ కరెంటు దాదాపు ఉచితం.

స్లాబ్ మీద సోలార్ లేకపోయినా సొంత పార్కింగ్ ఉన్నవాడు బండికి వేరే మీటరు తీసుకుంటాడు. యూనిట్ 6 రూపాయలు అనుకుంటే ఐదేళ్లకు 74,880. ఫిక్స్‌డ్ చార్జీలు అదనం.

మూడోవాడు అద్దెకున్నవాడు. హైదరాబాద్‌లో గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడితే జీరో బిల్లు. ఆటో ఒక్కటే 208 తాగుతుంది. ఇంట్లో ఫ్యాన్లు, బల్బులు, టీవీకి 92 కలిపితే మొత్తం 300. పరిమితి దాటిన నెలలో దాటిన యూనిట్లకే కాదు, మొత్తానికి బిల్లు పడుతుంది. 200 దాటినవాళ్ల స్లాబు ప్రకారం మొదటి 200కు యూనిట్ 5.10, తర్వాతి వందకు 7.70. అంటే 1,790 రూపాయలు. జీరో బిల్లు పోయి 1,790 వచ్చింది కాబట్టి అదంతా ఆటో ఖర్చే. యూనిట్‌కు 8.60 పడింది. ఐదేళ్లకు 1,07,400. వేరే మీటరు తీసుకోవచ్చు కదా అంటారు. దానికి ఇంటి ఓనరు ఒప్పుకోవాలి.

నాలుగోవాడిది బస్తీ. గల్లీలోకి బండి రాదు, మెయిన్ రోడ్డు మీద ఆపాలి. మూడో అంతస్తు గది నుంచి రోడ్డు దాకా వైరు లాగలేడు. అతనికి దిక్కు పబ్లిక్ చార్జరే. రేట్లు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. పన్నుతో కలిపి 18 రూపాయలు అనుకుంటే ఐదేళ్లకు 2,24,640. మొదటి మీటరువాడికీ ఇతనికీ తేడా 1,49,760. బండి చార్జింగ్‌లో ఉన్నంతసేపు పోయే గిరాకీని ఇందులో కలపనే లేదు.

ఇక్కడ ప్రభుత్వం చేసిన చిత్రం ఒకటుంది. ఇంటి కరెంటు మీద జీఎస్టీ లేదు. ఎలక్ట్రిక్ బండి కొంటే 5 శాతమే. కానీ పబ్లిక్ చార్జింగ్ సేవ మీద 18 శాతం! గేటు లోపల చార్జ్ చేసుకునేవాడికి లేని పన్ను గేటు బయట ఉన్నవాడికి పడింది. 2024 సెప్టెంబర్‌లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో చార్జింగ్ స్టేషన్లకు ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా కరెంటు సగటు సరఫరా ఖర్చులో 0.7 వంతు ధరకు, మిగతా వేళల్లో 1.3 వంతుకు ఇవ్వాలన్నారు. పగటి సోలార్ కరెంటు వాడాలన్న ఆలోచన మంచిదే. కానీ పగలు ఆటోవాడు రోడ్డు మీద ఉంటాడు. అతను ప్లగ్ పెట్టేది రాత్రి, ఖరీదైన వేళలో.

బ్యాటరీ స్వాపింగ్ ఉంది కదా అంటారు. బండి తక్కువ ధరకు వస్తుంది, మార్పిడి నిమిషాల్లో అయిపోతుంది, నిజమే. కానీ బ్యాటరీ ఎన్నటికీ నీది కాదు. మార్చిన ప్రతిసారీ కంపెనీ చెప్పిన రేటు కట్టాలి. అప్పు తీరాక కూడా అద్దె తీరదు.

"దీంట్లో కులం ఎక్కడుంది?" అని అడిగేవాళ్లు ఉంటారు. స్థలం ఎవరికి ఉందో, అద్దె గది కోసం వెళ్తే "మీరు ఏ క్యాస్ట్?" అని ఎవరిని అడుగుతారో చూడండి. ఇరుకు గల్లీ ఎవరి వంతుకు వచ్చిందో చూడండి. స్కీముల్లో కులం పేరు రాయలేదు, పార్కింగ్ అని రాశారు. భూమి పంచకుండా సబ్సిడీలు పంచితే అవి భూమి ఉన్నచోటికే పోతాయి.

పెట్రోల్ కంటే అప్పటికీ చౌకే కదా అనే వాదనలో నిజం ఉంది. పొగ పీల్చేది కూడా మన బస్తీలే కాబట్టి ఎలక్ట్రిక్ బండ్లు మనకు కావాలి. అందుకే ఈ బండి వద్దని నేను చెప్పడం లేదు. కానీ కిస్తీలు కట్టేది ఆ మిగులులోంచే. మిగులు సగానికి తగ్గితే బండిని ఫైనాన్స్‌వాళ్లు గుంజుకుపోతారు.

బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడు. విద్యుత్ విషయాలు కూడా ఆయన శాఖవే. దేశం పేదరికం నుంచి బయటపడాలంటే కరెంటు చౌకగా, సమృద్ధిగా అందాలని 1943లోనే వాదించాడు. మనం ఆయన్ని రాజ్యాంగానికే పరిమితం చేసి, కరెంటు బిల్లును ఇంజినీర్లకు వదిలేశాం.

కాబట్టి అడగాల్సినవి ఇవి. కిరాయిదారుకు ఓనరు సంతకంతో పని లేకుండా బండి మీటరు ఇవ్వాలి. ఆటో కరెంటును గృహజ్యోతి లెక్కలో కలపకూడదు. పబ్లిక్ చార్జింగ్ మీద 18 శాతం పన్ను ఎత్తేయాలి. బస్తీ మొదట్లో, ఆటో స్టాండుల్లో మున్సిపల్ చార్జర్లు పెట్టి, రాత్రి ఇంటి రేటుకే కరెంటు ఇవ్వాలి. ఎస్సీ కార్పొరేషన్ ఈ-ఆటోకు రుణం ఇచ్చేటప్పుడు చార్జింగ్ ఎక్కడ అన్నది కూడా చూడాలి.

విద్యార్థి మిత్రులకు ఒక పని. మీ బస్తీలో పది మంది ఆటో డ్రైవర్లను కలిసి యూనిట్‌కు ఎంత పడుతోందో రాయించుకోండి. ఆ కాగితంతోనే విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణకు వెళ్దాం. అక్కడ ఎవరైనా మాట్లాడవచ్చు. మనం వెళ్లడం లేదు, అంతే.

జై భీమ్.