డీజిల్ లెక్క సరిచేయకుండా గేరును తిడితే ఏం లాభం?



ఆటోమేటిక్ గేరు లారీల మీద మీ పత్రికలో ఈమధ్య వచ్చిన లేఖను మా రామభద్రపురం లారీ ఆఫీసుల్లో చాలామంది చదివారు. చేత్తో గేరు వేయడం రానివాడు డ్రైవరే కాడనీ, ఆటోమేటిక్ బండ్లు వస్తే సాలూరు ఘాటీలో ప్రమాదాలు పెరుగుతాయనీ రాశారు. రాసినాయన లారీ యజమాని. నేను బుకింగ్ ఆఫీసు గుమస్తాని. ట్రిప్పు ముగిశాక డ్రైవర్ల డీజిల్ లెక్క కట్టేది నేనే. కాబట్టి ఆ ఘాటీ సంగతి నాకు ఇంకో వైపు నుంచి తెలుసు.

ఎరగనివారి కోసం రెండు ముక్కలు. విజయనగరం నుంచి కోరాపుట్ వెళ్లే 26వ నంబరు జాతీయ రహదారి, పాతవాళ్లకి 43, గజపతినగరం, రామభద్రపురం, సాలూరు దాటాక పి.కోనవలస దగ్గర కొండెక్కి ఒడిశాలోని సుంకి వైపు పోతుంది. ఎక్కేటప్పుడు బండి మహా అయితే మొరాయిస్తుంది. ప్రాణం మీదికొచ్చేది దిగేటప్పుడే. విశాఖ పోర్టుకని ఆ దారిన నిండు లోడుతో వచ్చే బండ్లన్నీ ఈ కొండ దిగాల్సిందే. పది చక్రాల లారీకి లోడుతో కలిపి 25 టన్నులున్న పరిమితిని 2018లో 28.5 టన్నులు చేశారు. మలుపులు మాత్రం అవే మలుపులు.

ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు అని క్లీనరు కుర్రాడికి సీనియర్లు మొట్టమొదట చెప్తారు. చట్టమూ ఆ మాటే అంటుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 15వది చూడండి, పల్లంలో దిగేటప్పుడు చప్పున తక్కువ గేరుకి మార్చగలగడం లైసెన్సు పరీక్షలో భాగం. చిన్న గేరులో ఉంటే ఇంజనే బండిని వెనక్కి పట్టుకుంటుంది. అది వదిలేసి బ్రేకునే నమ్ముకుంటే డ్రమ్ములు కాలి, లైనింగు మాడిన వాసన వస్తుంది. ఆ వాసన వచ్చాక ఎంత తొక్కినా పట్టు దొరకదు.

ఈ సంగతి తెలియని డ్రైవరు మా లైన్లో లేడు. మరి దిగుడులో గేరు పీకి న్యూట్రల్ ఎందుకు కొడుతున్నాడు? ఈ ప్రశ్న యజమాని గారు వేసుకోలేదు.

జవాబు నా పుస్తకంలో ఉంది. లోడు మీద లీటరుకి ఇన్ని కిలోమీటర్లు, ఖాళీ మీద ఇన్ని అని ముందే ఖాయం చేస్తారు. మిగిలితే డ్రైవరుది, తగ్గితే బత్తాలో కోత. ఘాటీకి వేరే లెక్క ఉండదు, చదును రోడ్డుదే కొండకీ. అందుకని ఎక్కుడులో తాగిన డీజిలును దిగుడులో రాబట్టుకోవాలని చూస్తాడు. గేరు పీకి బండిని వదిలేస్తాడు. మరీ తెగించినవాడు ఇంజనే ఆపేస్తాడు. ఇంజను ఆగితే గాలి నింపే కంప్రెసరు ఆగుతుంది, బ్రేకు తొక్కినప్పుడల్లా ట్యాంకులో గాలి తరుగుతుంది, స్టీరింగు బిగుసుకుపోతుంది. ఇవన్నీ చేస్తున్నది చేత్తో గేరు వేసే బండి మీదే, గేరు వేయడం బ్రహ్మాండంగా వచ్చినవాడే.

ఇంత చేసినా మిగిలేది లేదు. ఇప్పటి కామన్ రైల్ ఇంజన్లలో, గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి దిగుతుంటే డీజిలు అందడమే ఆగిపోతుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజను ఆగిపోకుండా ఎంతో కొంత తాగుతూనే ఉంటుంది. ఈ ముక్క మా ఆఫీసులో చెప్తే నవ్వేవాళ్లే ఎక్కువ.

ఇక ఆటోమేటిక్ మాట. వీటిలో ఎక్కువ భాగం లోపల పాత గేరుబాక్సూ క్లచ్ ప్లేటే. క్లచ్ పెడలు ఉండదు. కంప్యూటర్ చెప్పినట్టు గాలి సిలిండర్లే క్లచ్ విడదీసి గేరు మారుస్తాయి. సిమెంటు బల్కరు నడిపే డ్రైవరొకాయన టీ తాగుతూ నాతో అన్న మాట: "ఎడం కాలుకి పనేటి నేదు బాబూ. ఇంటికెల్లినాక మెట్లెక్కగల్తన్నాను." సాలూరు బజారులో స్పీడ్ బ్రేకరుకో క్లచ్ తొక్కే మనిషికి ఇది చిన్న సంగతి కాదు. ఇలాగే క్యాబిన్లో ఏసీ పెడితే డ్రైవరు నిద్రపోతాడని వాదించినవాళ్లూ మనలో ఉన్నారు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యరకం, పెద్ద లారీలకు అది తప్పనిసరయింది.

అయితే ఘాటీలో ఆటోమేటిక్ దానంతటదే కాపాడుతుందని నేననను. దిగకముందే మీటను మాన్యువల్‌లోకి తెచ్చి చిన్న గేరు పట్టించాలి, ఎగ్జాస్ట్ బ్రేకు వేసుకోవాలి. ఊరికే వదిలేస్తే వేగం పెరిగేకొద్దీ అది పై గేరుకి పోవచ్చు. పైగా అందులోనూ న్యూట్రల్ ఉంది. బత్తా కోస్తారన్న భయం ఉన్నంతకాలం దాన్నీ వాడతాడు. ఇక చేత్తో గేరు వేయనివాడు డ్రైవరే కాడన్న మాటకొస్తే, తిరుమల ఘాట్‌లో 2022 సెప్టెంబరు నుంచి ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి, వాటిలో గేరు మార్చే పనే లేదు. భక్తులను కొండ దింపుతున్న వాళ్లను డ్రైవర్లు కారందామా?

యజమాని గారి మాటల్లో ఒకటి మాత్రం, రిపేరు సంగతి, కాదనలేను. బాడీ కట్టడం దగ్గర్నుంచి గేరుబాక్సు విప్పి బిగించడం దాకా వచ్చిన మేస్త్రీలకు సాలూరులో కొదవ లేదు. ఆటోమేటిక్‌లో సెన్సారు పోతే మాత్రం ల్యాప్‌టాప్ పట్టుకుని కంపెనీ మనిషి వచ్చేదాకా బండి రోడ్డు పక్కనే. బండి ఆగిందని ఫైనాన్సు కిస్తీ ఆగదు. శ్రీకాకుళం, విజయనగరం ఐటీఐల్లో ఈ రిపేరు పని నేర్పాలని యజమానుల సంఘాలు గట్టిగా అడగొచ్చు కదా. లైసెన్సు విషయమూ ఉంది. మన చట్టం మోటారు సైకిళ్లకు గేరున్నవీ లేనివీ అని విడదీసింది, లారీలకు ఆ తేడా పెట్టలేదు. అమెరికాలో ఆటోమేటిక్ లారీ మీద పరీక్ష పాసైనవాడి లైసెన్సు మీద ఆ ముక్క రాస్తారు, గేరు బండి ముట్టుకోనివ్వరు. మనకూ అలాంటిది కావాలి. లేకపోతే ఆటోమేటిక్ మీదే నేర్చుకున్న కుర్రాణ్ణి రేపు ఎవరో పాత లేలాండ్ ఎక్కించి ఘాటీకి తోలతారు.

మిగతావి ప్రభుత్వం చేయాలి. డీజిల్ లెక్క మన చేతిలోనే ఉంది. సాలూరు నుంచి సుంకి దాకా ముక్కను కిలోమీటర్ల లెక్కలోంచి తీసేసి, ఎక్కడానికీ దిగడానికీ ఇంత డీజిలని విడిగా కట్టాలి. ఆ ముక్కలో తగ్గినా బత్తా ముట్టుకోకూడదు, మిగిలినా డ్రైవరుకు ఇవ్వకూడదు. అప్పుడు గేరు పీకే అవసరం ఎవరికుంటుంది? యజమాని గారు తమ బండ్లకు ఒక నెల ఈ పద్ధతి పెట్టి చూడాలని మనవి. పుస్తకంలో గళ్లు కావాలంటే నేనే గీసిస్తాను.

ఇట్లు,
ఒక లారీ ఆఫీసు గుమస్తా,
రామభద్రపురం, విజయనగరం జిల్లా