ఎవరు తీసుకెళ్ళారు?

మన భాషలో ఆడవాళ్ళు ప్రయాణం చెయ్యరు. వాళ్ళని ఎవరో ఒకరు తీసుకెళ్తారు. నాన్న తిరుపతి తీసుకెళ్తాడు, మొగుడు ఊటీ తీసుకెళ్తాడు, కొడుకు అమెరికా తీసుకెళ్తాడు. డబ్బు ఎవరిదైనా, దారి ఎవరికి తెలిసినా, క్రియ మాత్రం మగవాడిదే.

2023 వేసవిలో నేనూ మా తమ్ముడూ వీపుకి బ్యాగులు తగిలించుకుని పారిస్, ఆమ్‌స్టర్‌డామ్, గోస్లార్, సాల్జ్‌బర్గ్, వియన్నా ఇరవై మూడు రోజులు తిరిగాం. వాడు నాకన్నా ఏడేళ్ళు చిన్న. రైలు పాసులు కొన్నదీ, హాస్టళ్ళలో పడకలు బుక్ చేసిందీ, రోజుకెంత ఖర్చు పెట్టాలో లెక్క రాసిందీ నేను. ఖర్చులో ఎక్కువ భాగం నా జీతంలోంచి దాచుకున్నదే. అయినా తిరిగొచ్చిన వారంలో బంధువులందరూ ఒకే మాట తేల్చారు: "అక్కని యూరప్ తీసుకెళ్ళాడు, ఎంత మంచివాడో!" ఈ మాటకి మా తమ్ముడే ఇబ్బంది పడి సర్దిచెప్పబోయాడు. దాన్ని కూడా వాడి మంచితనం ఖాతాలోనే వేశారు.

ఇదొక చిన్న విషయం, దీనికింత రాద్ధాంతమెందుకు అనొచ్చు. కానీ ఈ చిన్న క్రియ వెనక పెద్ద వ్యవస్థ ఉంది. పాలు పెరుగవ్వాలంటే తోడు కావాలన్నట్టు, ఆడదాని తిరుగుడు గౌరవమైన ప్రయాణం అవ్వాలంటే మగతోడు కావాలి. తోడబుట్టినవాళ్ళు అనే మాటలో ఉన్నది సమానత్వమే. ఒకే కడుపున, ఒకరికొకరు తోడుగా పుట్టారని. ఆ తోడు కాపలాగా ఎప్పుడు మారింది? వీసా కోసం వెళ్తే ట్రావెల్ ఏజెంటు "మీవారి నుంచి అభ్యంతరం లేదని ఒక లెటరు పెట్టండి మేడమ్" అన్నాడు. పెద్దవాళ్ళకి భర్త అనుమతి కావాలనే నిబంధన షెంగెన్ వీసాలో లేదు. పక్కన కూచున్న మా తమ్ముణ్ణి మాత్రం భార్య దగ్గర్నుంచి లెటరు తెమ్మనలేదు. తర్వాత తనే సర్దుకుని, "తమ్ముడుగారు తోడున్నారుగా, పర్లేదు లెండి" అన్నాడు. నా అనుమతి పత్రం నా పక్కనే కుర్చీలో కూచుని ఉందన్నమాట.

ఇదంతా మన దేశపు వెనకబాటుతనం, యూరప్‌లో ఇలాంటివి ఉండవు అనుకునేవాళ్ళ కోసం ఇద్దరు అక్కాచెల్లెళ్ళ సంగతి చెప్తాను. ఇద్దరూ తోడబుట్టినవాళ్ళతో కలిసి యూరప్ నగరాలు తిరిగినవాళ్ళే.

సాల్జ్‌బర్గ్‌లో గెట్రైడెగాసె వీధిలో 9వ నంబరు ఇంటి ముందు ఎప్పుడూ జనమే. మోజార్ట్ పుట్టిన ఇల్లు అది. ఊరంతా చాక్లెట్ల మీద ఆయన ముఖమే. ఆయన అక్క మారియా అన్నా, ఇంట్లో నానెర్ల్ అనేవాళ్ళు. 1763లో తండ్రి ఇద్దరు పిల్లల్నీ తీసుకుని కచేరీ యాత్రకి బయల్దేరాడు. అప్పుడామెకి పదకొండేళ్ళు, తమ్ముడికి ఏడేళ్ళు. మ్యూనిక్, బ్రస్సెల్స్, పారిస్, లండన్, మూడేళ్ళకి పైగా తిరిగారు. ఇద్దరూ వాయించారు, ఇద్దర్నీ జనం మెచ్చుకున్నారు. 1769 డిసెంబరులో తండ్రీ కొడుకులు ఇటలీ వెళ్ళారు. పద్దెనిమిదేళ్ళ నానెర్ల్ తల్లితో ఇంట్లో ఉండిపోయింది. పెళ్ళీడుకొచ్చింది కదా! 1770లో తమ్ముడు ఇటలీ నుంచి ఆమె కట్టిన పాటని మెచ్చుకుంటూ ఉత్తరం రాశాడు. ఆమె రాసిన సంగీతం మాత్రం ఒక్కటీ మిగల్లేదు. షేక్స్పియర్‌కి ఒక చెల్లెలుంటే ఏమై ఉండేదని వర్జీనియా వుల్ఫ్ 1929లో ఊహించాల్సి వచ్చింది. సాల్జ్‌బర్గ్‌లో ఊహించక్కర్లేదు. ఆమె ఉంది, ఆమె సమాధీ ఉంది.

గోస్లార్ చాలామంది టూరిస్టుల జాబితాలో ఉండదు. ఇంగ్లీషు పాఠం చెప్పేదాన్ని కాబట్టి నేనే పట్టుబట్టి వెళ్ళాను. 1798-99 చలికాలం విలియం వర్డ్స్‌వర్త్, చెల్లెలు డొరతీ అక్కడ గడిపారు. ఊళ్ళో వాళ్ళకి స్నేహాలు కుదరలేదు. జర్మనీలో చెల్లెలంటే ఉంపుడుగత్తెకి మారుపేరనుకుంటారు, ఆమెని వెంట తీసుకెళ్ళడం పొరపాటని కోల్‌రిడ్జ్ అప్పుడే తన భార్యకి ఉత్తరంలో రాశాడు. అన్న ఉన్నా అనుమానం పోలేదు. తోడు వల్ల రక్షణ వస్తుందనే వాదన అక్కడే పడిపోతుంది. తోడున్నవాడు ఎవరో తేలేదాకా ఆమె శీలం విచారణలోనే ఉంటుంది.

1802 ఏప్రిల్ 15న సరస్సు ఒడ్డున డాఫొడిల్ పూలని అన్నాచెల్లెళ్ళిద్దరూ కలిసి చూశారు. డొరతీ తన డైరీలో రాసుకుంది. తర్వాత వచ్చిన విలియం కవితలో మాత్రం కవి ఒంటరిగా తిరుగుతాడు. ఆ కవితని ఏళ్ళ తరబడి క్లాసులో చెప్తున్న మనలో ఎంతమందిమి డైరీ గురించి కూడా చెప్తున్నాం? 1803లో స్కాట్లండ్ యాత్ర గురించి ఆమె రాసిన పుస్తకం ఆమె పోయిన పంతొమ్మిదేళ్ళకి, 1874లో అచ్చయింది. మన దగ్గరా పోతం జానకమ్మ ఇంగ్లండు యాత్ర 1876లోనే ఇంగ్లీషులో పుస్తకంగా మద్రాసులో వెలువడింది. యాత్రా సాహిత్యం మీద ఇన్ని సెమినార్లు పెట్టే మన తెలుగు శాఖలు ఆ పేరు ఎన్నిసార్లు తలిచాయి?

పాత సంగతులు వదిలేద్దామంటారా? ఆమ్‌స్టర్‌డామ్ చూద్దాం. మా ఇద్దరికీ ఒకే మ్యాపు, ఒకే బరువు బ్యాగు. కానీ మేం తిరిగింది రెండు వేరువేరు నగరాల్లో. వాడికి వీధి మలుపులో యూరినల్ ఉంది. నేను మంచినీళ్ళు తాగడం మానుకున్నాను. అక్కడ బహిరంగంగా మూత్రం పోసినందుకు 2015లో ఒక యువతికి జరిమానా వేశారు. ఆమె కోర్టుకెళ్తే, మగవాళ్ళ యూరినల్ వాడుకోవచ్చు కదా అని 2017లో జడ్జి అన్నాడు. అప్పటికి నగరంలో మగవాళ్ళకి 35 యూరినళ్ళు, ఆడవాళ్ళకి 3 టాయిలెట్లు. ఆడవాళ్ళు నిరసనకి దిగారు. చివరికి 2024లో నగరపాలన కొత్త టాయిలెట్ల కోసం 40 లక్షల యూరోలు కేటాయించింది. ఒక స్త్రీ సిగ్గుపడి ఊరుకోకపోతే జరిగిన పని ఇది. ఏ తమ్ముడి తోడూ చెయ్యగలిగింది కాదు.

వియన్నాలోనూ అంతే. తొమ్మిదేళ్ళు దాటిన ఆడపిల్లలు పార్కుల్లోంచి మాయమైపోతున్నారని 1990లలో అక్కడ గమనించారు. ఆడపిల్లలకి ధైర్యం చెప్పి ఊరుకోలేదు, పార్కులే మార్చారు. రక్షణ అంటే పక్కన ఒక మగాడు కాదు. వెలుతురున్న దారి, శుభ్రమైన టాయిలెట్, రాత్రి బస్సు, చేతిలో సొంత డబ్బు.

"అయితే ఒంటరిగా వెళ్ళండి" అంటారు కొందరు స్త్రీవాద మిత్రులు. ఒంటరి ప్రయాణమే విముక్తి అన్నది ఈమధ్య మంత్రమైపోయింది. వెళ్ళగలిగినవాళ్ళు వెళ్ళాల్సిందే. కానీ నాకు మనుషులు అక్కర్లేదని నేనెప్పుడన్నాను? ఒక సరిహద్దు దాటాక రైల్లో యూనిఫాంలో ఉన్నవాళ్ళు మా పెట్టెలో నల్లగా, గడ్డంతో ఉన్న మా తమ్ముడి పాస్‌పోర్టు మాత్రమే అడిగారు. రెండోసారి అడిగినప్పుడు నేను లేచి నిలబడి, టిక్కెట్లూ బుకింగ్ కాగితాలూ చూపించి మాట్లాడాను. ఆ పూట వాడికి నేను తోడు. కానీ వాణ్ణి నేను తీసుకెళ్తున్నానని ఎవరూ అనలేదు. తోడు తప్పు కాదు. అది ఒకవైపే అధికారంగా ప్రవహించడం తప్పు.

ఇంకో మాట కూడా చెప్పాలి. అక్కాతమ్ముళ్ళ అనుబంధాన్ని మెచ్చుకునే ఈ కథలో మూడో మనిషి ఉంది. వాడు ఇరవై మూడు రోజులు నిశ్చింతగా తిరిగాడంటే, ఇద్దరు పిల్లల్నీ, మా అమ్మ మందుల్నీ చూసుకుంటూ ఇంట్లో ఉన్నది మా మరదలు. "మీ ఇల్లెవరు చూస్తున్నారు?" అని నన్ను ప్రతివాళ్ళూ అడిగారు. వాణ్ణి ఒక్కరూ అడగలేదు. జవాబు అందరికీ తెలుసు కాబట్టి. ఏ యాత్రా రచనలోనూ ఆమె శ్రమకి ఒక పేజీ ఉండదు. మహా అయితే అంకితం ఉంటుంది.

పెళ్ళికాని ఆడపిల్లలకి పిత్రార్జితంలో సమాన వాటా 1985 సెప్టెంబరు నుంచి మన రాష్ట్ర చట్టం ఇచ్చింది. కాగితం మీదున్న ఆ వాటాని ఎంతమందిమి అడగగలిగామన్నది వేరే చర్చ. ప్రయాణంలో వాటాకి చట్టాలేమీ రావు. దాన్ని భాషలోనే తెచ్చుకోవాలి, మనమే రాయాలి. ఈఫిల్ టవర్ ఎత్తు ఎంతో అందరూ రాశారు. డబ్బు ఎవరిదో, సెలవు ఎలా దొరికిందో, బహిష్టు రోజుల్లో ఎనిమిది పడకల డార్మిటరీలో ఎలా గడిచిందో, ఇంట్లో ఎవరు ఉండిపోతే మనం వెళ్ళగలిగామో రాద్దాం. "తీసుకెళ్ళాడు" అని ఎవరన్నా అంటే ఆ క్షణమే, ఆ మనిషి ముందే సరిదిద్దుదాం. "ఇద్దరం వెళ్ళాం." తెలుగులో చాలా తేలికైన వాక్యమే అది. మన ఇళ్ళలోనే ఇంకా అలవాటు కావాలి.